వీధిలో దూరిన దూరం

కడప నుంచి రాజమహేంద్రవరానికి విమానంలో ఎంతసేపు అని ఎవరైనా అడిగితే చాలు, మా ఆడపడుచు చౌడేశ్వరి మొహం వెలిగిపోయేది. "మామూలు దారినా, మా దారినా?" అని ఎదురు అడిగేది. మామూలు దారిన గంటకు పైనే. వాళ్ళ దారిన మాత్రం సీటు బెల్టు పెట్టుకోవడం, విప్పుకోవడం, అంతే. మధ్యలో ఏముందో చూద్దామని కిటికీ వైపు తల తిప్పేలోపు కింద గోదావరి కనిపించేది.

ఆ దారి కనిపెట్టింది మా ఈశ్వరే. ఇంట్లో అందరం ఆమెను అలాగే పిలుస్తాం. కడప విమానాశ్రయం పక్కన ఒక పరిశోధనశాల ఉంది. అందులో ఓబులేశు అనే పెద్దాయన కింద చాలామంది పనిచేశారు కానీ, మొదట ఆ ఆలోచన పుట్టింది మాత్రం ఈశ్వరి బుర్రలోనే. ఈ సంగతి వీధిలో ప్రతి గడపకీ వెళ్ళి చెప్పి వచ్చింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

మాది చీరాల దగ్గర ఊటుకూరిపాలెం. నేతగాళ్ళ ఊరు. మా ఆయన వీరభద్రం మగ్గం నేస్తాడు. నేను ఊళ్ళో బడిలో లెక్కలు చెబుతాను. ఈశ్వరి మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె సెలవు మీద వచ్చిన ఒక ఉదయం నేను బడికి బయల్దేరుతూ చీర కట్టుకుంటుంటే, గుమ్మంలో నిలబడి తన మడత దారి గురించి చెప్పింది.

"నువ్విప్పుడేం చేస్తున్నావు వదినా?"

"చీర కట్టుకుంటున్నా. కళ్ళు కనపడట్లేదా?"

"కుచ్చిళ్ళు పోస్తున్నావు. అంత గుడ్డా నీ వేళ్ళ మధ్యకొచ్చేసింది. మేమూ అదే చేస్తాం. ఈ చివర కడప, ఆ చివర రాజమండ్రి. మధ్యలో ఉన్న దూరానికి కుచ్చిళ్ళు పోసి పట్టుకుంటాం. విమానం ఒక మడత మీంచి ఇంకో మడత మీదకి దాటేసిద్ది."

"బాగానే ఉంది. పోసిన కుచ్చిళ్ళు ఎక్కడ దోపుతావు మరి?"

ఈశ్వరి పకపకా నవ్వింది. "దోపక్కర్లేదు. విమానం దాటగానే వదిలేస్తాం. ఎక్కడిదక్కడ సర్దుకుంటది. ఏడాది పొడుగునా ఇసక మూటలు ఎక్కించి పంపి చూశాం. వెంట్రుకవాసి తేడా రాలా."

వదినా మరదళ్ళ వేళాకోళం అక్కడితో ఆగిపోయింది. నాకు బడికి టైమయింది.

తర్వాత కొన్నాళ్ళకు మనుషుల్ని ఎక్కించుకుని విమానాలు నడవడం మొదలైంది. మొదట్లో అందరూ సరదాకి ఎక్కారు. ఆ తర్వాత పని మీద ఎక్కారు. గుండె సరిగా కొట్టుకోని ఒక పసిబిడ్డ కడపలో ఉంటే, రాజమహేంద్రవరం నుంచి డాక్టరు ఆ దారిన వెళ్ళి బతికించాడు. ఆ బిడ్డ తల్లి ఈశ్వరి చేతులు పట్టుకుని ఏడుస్తున్న ఫొటో పేపర్లో వచ్చింది. మా ఆయన దాన్ని కత్తిరించి మగ్గం గుంట పక్క గోడకు అంటించాడు. ఆ దారి వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. ఈ కథలో ఎవర్నీ తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

ఇక మా వీధి సంగతి. దాన్ని పడుగుల వీధి అంటారు. చీరకు పొడుగునా ఉండే నూలు పడుగు, అడ్డంగా నేసేది పేక. మగ్గం మీదకి ఎక్కించే ముందు పడుగు నూలును ఆరుబయట బిగించి సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అందుకోసం మా తాతల కాలంలోనే రెండు వరుసల ఇళ్ళ మధ్య మైదానమంత వెడల్పున వీధి వదిలారు. కింద అంతా ఇసకే. మా ఇంటి ముందు ఒక గుంజ, ఎదుటి వరుసలో నాగభూషణం అన్నయ్య ఇంటి ముందు ఇంకో గుంజ. పడుగు ఆ గుంజ నుంచి ఈ గుంజకు సరిగ్గా అందేలా పోస్తారు.

భూషణం అన్నయ్య ఆసు పోస్తాడు, అంటే పడుగుకు కావలసిన పోగులు కొలిచి వరుసగా చుడతాడు. మా ఆయన నేస్తాడు. పడుగు సాగదీసేటప్పుడు ఆ చివర ఆయన, ఈ చివర ఈయన. చుట్టరికం ఏమీ లేదు కానీ చిన్నప్పటి నుంచి ఒకళ్ళనొకళ్ళు "బావా" అని తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. మా పెళ్ళిలో మా ఆయనకు పెళ్ళికొడుకు సింగారం చేసింది కూడా ఆయనే. ఇద్దరికీ ఇద్దరే.

ఒకరోజు పొద్దున్నే పడుగు పరిచారు. ఈ చివర గుంజకు అందలేదు.

"సాలట్లేదు బావా," అన్నాడు మా ఆయన.

"గట్టిగా లాగు, సాలుద్ది."

"ఎంత లాగితే ఏంది? బెత్తెడు తక్కువుంది."

"నా కళ్ళు మసకేసినయ్యేమోలే. కొలత తప్పా." భూషణం అన్నయ్య నవ్వేశాడు. తాడు ముడేసి ఎలాగో లాగించారు.

తర్వాతి పడుగుకు ఆయన జాగ్రత్తగా కొంచెం ఎక్కువే పోశాడు. అది మూరెడు తక్కువైంది. ఆ తర్వాతది ఇంకా తక్కువైంది. మా ఆయన రోజంతా మూతి ముడుచుకుని తిరిగాడు. అడిగితే చెప్పడు. ఆయనకు ముక్కు మీద ఉంటుంది కోపం. కానీ ఎదుటివాళ్ళను అడిగి తేల్చుకునే ధైర్యం మాత్రం ఉండదు. అన్నీ లోపలే ఉడకబెట్టుకుంటాడు.

మళ్ళీ పడుగు పరిచిన రోజున వీధిలో అందరూ ఉన్నారు. మా ఆయన చివర పట్టుకుని నిలబడి, నలుగురికీ వినపడేలా అడిగాడు. "నూలెటు పోతంది బావా?"

భూషణం అన్నయ్య మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి త్రాసు తెచ్చాడు. పడుగును చుట్టి అందరి ముందూ తూచాడు. ఇచ్చిన నూలు బరువూ పడుగు బరువూ సరిపోయాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా ఆయన ఆగలేదు.

"తడిపి తూస్తే బరువెందుకు తగ్గుద్ది?" అన్నాడు.

నూలు దాచుకుని, మిగిలినదాన్ని తడిపి బరువు సరిచేశావని ఒక నేతగాణ్ణి అనడం మా దగ్గర తల్లిని తిట్టడం కన్నా పెద్ద మాట. 

"వీరభద్రం! నన్ను దొంగంటన్నావా?"

అన్నేళ్ళలో ఆయన నోట మా ఆయన పేరు వినడం నాకదే మొదటిసారి.

"నేననట్లేదు. పడుగంటంది."

భూషణం అన్నయ్య తన చివర వదిలేశాడు. గంజి తడి మీద ఉన్న పడుగు ఇసకలో పడింది. ఆయన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మా ఆయన ఆ ఇసక దులుపుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. అయితే నాకూ భూషణం అన్నయ్య భార్య అంకమ్మకూ ఆ పౌరుషాలు పట్టించుకునే తీరిక లేదు. మా ఇంట్లో కుళాయి పాడైతే వాళ్ళ కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి తెచ్చుకోవడం మాకు అలవాటు. ఒకరోజు అలాగే లాగాను. గొట్టం మా గడప దాకా రాలేదు. వీధి మధ్యలోనే ఆగిపోయింది. అంకమ్మ అటు నిలబడి, నేను ఇటు నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

"వదినా, గొట్టం కూడా మా ఆయనే దొంగిలించాడా?" అంది అంకమ్మ.

ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అదే వారంలో రెండు వరుసల మధ్య ఉన్న కరెంటు తీగ బిగుసుకుపోయి పుటుక్కున తెగింది. నేను ఈశ్వరికి ఫోను చేశాను.

ఆమె రైల్లో వచ్చింది. ఉపగ్రహాలతో కొలిచే పరికరం ఒకటి, మేస్త్రీల దగ్గరుండే మామూలు టేపు ఒకటి తెచ్చింది. పరికరమేమో వీధికి ఎప్పటి వెడల్పే చూపించింది. టేపు పెట్టి కొలిస్తే అంత పొడవు టేపూ ఎదుటి గుంజకు చాలలేదు. ఈశ్వరి రెండుసార్లు కొలిచింది. మూడోసారి కొలవడానికి వంగి, అలాగే ఇసకలో కూలబడింది.

"ఎప్పటి నుంచి వదినా?"

"మీ విమానాలు మనుషుల్ని ఎక్కించుకోవడం మొదలైనప్పటి నుంచే పడుగు సాలట్లేదు."

ఆమె ఫోనులో పటం తీసి చూపించింది. కడపకూ రాజమహేంద్రవరానికీ మధ్య గీత గీస్తే, దానికి సరిగ్గా నడుమ మా ఊరుంది.

"కుచ్చిళ్ళు తెచ్చి మన వీధిలో దోపావుటే?" అన్నాను. ఆటపట్టించాలని అన్న మాట కాదు, నోటికి అదే వచ్చింది. ఈశ్వరి నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

అసలు విషయం తేల్చడానికి ఆమె కడప వెళ్ళి రెండు పరీక్షలు చేయించింది. ఇక్కడ టేపు పట్టుకుని కొలిచింది నేను. ఇసక మూటలతో విమానం వెళ్ళిన రోజున వీధి కదల్లేదు. మనుషులతో వెళ్ళిన రోజున, నేను చూస్తుండగానే గుంజ దగ్గర టేపు నా వేళ్ళలోంచి సన్నగా జారింది. ఫోనులో అదే చెప్పాను. 

"ఇసకకీ రాళ్ళకీ దూరంతో పనిలేదు వదినా," అంది ఈశ్వరి. "దాటాల్సిన మనిషికే దూరం. మనిషి దాటకుండా ఎగ్గొట్టిన దూరం ఎక్కడో ఒకచోట మిగిలిపోద్ది. మేం ఏడాదిపాటు మూటల్నే పంపాం, అందుకే మాకు కనపడలా."

"మరి గోడలు పగల్లేదేం?"

"పట్టుకుని ఉన్నవాటి మధ్య దూరం దూరదు. ఇటుక ఇటుకను పట్టుకుని ఉంటది. ఇసక దేన్నీ పట్టుకోదుగా."

నేను కూడా కడప వెళ్ళాను. మా మరదలు ఒక్కతే ఆ పెద్దవాళ్ళందరి ముందూ నిలబడడం నాకు నచ్చలేదు. పరిశోధనశాల అంటే ఏదో ఊహించుకున్నాను కానీ, లోపల మా బడి స్టాఫు రూములాగే ఉంది. బల్లల నిండా టీ మరకలు. ఓబులేశు గారు నెరిసిన మీసాలతో, లోతైన కళ్ళతో ఉన్నారు. ఈశ్వరి చెప్పిందంతా కుర్చీలో కదలకుండా విన్నారు.

"సరే, తప్పు జరిగింది. నేను కాదనను," అన్నారు. "ఆ నడిమి జాగాను సముద్రం మీదికి జరుపుదాం. నీళ్ళలో ఎంత దూరం పెరిగితే ఎవరికేం నష్టం?"

"అక్కడ వల లాగేవాళ్ళు ఉండరా సార్? పొద్దున పోయిన పడవ సాయంత్రానికి ఒడ్డు చేరొద్దా?"

"ఈశ్వరీ, ఆ పసిబిడ్డను మర్సిపోయినావా? ఆ డాక్టరు గంట ఆలస్యంగా వొచ్చింటే ఏమయ్యేది?"

  ఆయన అన్నది నిజం. ఆ గదిలో ఉన్నవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. చివరకు ఓబులేశు గారే లేచి, మా వీధి చూడాలి అన్నారు. వచ్చారు. మా గడప నుంచి భూషణం అన్నయ్య గడపకు నడిచి, మళ్ళీ వెనక్కి నడిచారు. ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి పిలిస్తే పలికే ఆడవాళ్ళు ఇప్పుడు ఫోన్లు చేసుకోవడం చూశారు.  కారు ఎక్కేముందు ఈశ్వరితో, "నిలిపేద్దాం తల్లీ. డాక్టర్లను కడపలోనే పెట్టుకునేదానికి గవర్నమెంటును కొట్లాడి అడుగుదాం," అన్నారు. అలా ఆ దారి మూతపడింది.

అయితే మూసేస్తే దూరం పెరగడం ఆగింది కానీ, దూరినది వెనక్కి పోలేదు. దానికి ఈశ్వరి ఒక ఉపాయం కనిపెట్టింది. కుచ్చిళ్ళు పోయడానికి బదులు, పోసిన వాటిని విప్పుతూ పోవాలి. అంటే విమానం మామూలు కన్నా రెట్టింపు సేపు తీసుకుని, ఎగ్గొట్టిన దూరాన్ని కూడా దాటాలి. అందులోనూ మనుషులే ఉండాలి. మూటలకు దూరం లేదు కాబట్టి వాటితో తిరిగి రాదు.

మొదటిసారి ఓబులేశు గారూ ఈశ్వరీ ఇద్దరే పక్కపక్క సీట్లలో కూర్చుని వెళ్ళి వచ్చారు. మా వీధి బెత్తెడు తగ్గింది. నేను సంతోషం పట్టలేక ఫోను చేశాను. కానీ అటు నుంచి సంతోషం వినపడలేదు. విమానం దిగాక ఓబులేశు గారు ఈశ్వరికి టీ గ్లాసు అందించారట. ఆమె చెయ్యి చాచింది. ఇద్దరి చేతుల మధ్యా గ్లాసు జారి నేల మీద పగిలింది. ఆయన ఒక అడుగు ముందుకేశారు. ఆ ఎడం అంతే ఉంది. ఆమె ముందుకేసినా అంతే ఉంది. విప్పిన దూరం విమానంలోంచే పోవాలి. పోతూ పోతూ ఒకర్నొకరు పట్టుకోకుండా కూర్చున్న ఇద్దరి మధ్య కొంచెం దూరిపోయింది. ఒకసారి మనుషుల మధ్య దూరినది ఇంక రాదు. ఎన్ని తిప్పలు పడ్డా రాలేదు.

"ఇంగ నీకు ఫైలు ఇయ్యల్లన్నా కర్రకు గట్టి ఇయ్యల్ల," అని ఆయన నవ్వించబోయారట. తండ్రిలాంటి మనిషి. ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలన్నా ఇక చెయ్యి అందదు. ఈశ్వరి ఆ సంగతి చెబుతూ మధ్యలో ఫోను పెట్టేసింది.

ఆ తర్వాతి ప్రయాణంలో పరిశోధనశాలవాళ్ళు వేరే ఇద్దరు చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, వీధి ఇంకొంచెం తగ్గింది. నియమం తేలిపోయింది. ఇక ఎక్కేవాళ్ళు కావాలి. ఆ దారిన ఎగిరిన వాళ్ళందర్నీ రమ్మని పిలుపు ఇచ్చారు. తొందరపడి దూరం ఎగ్గొట్టినవాళ్ళకు నెమ్మదిగా కూర్చుని దాన్ని దాటే తీరిక ఎక్కడుంటుంది? ఒక్కళ్ళు కూడా రాలేదు. ఆ పసిబిడ్డ తల్లి మాత్రం బిడ్డను చంకనేసుకుని వచ్చి, ఎన్నిసార్లయినా ఎక్కుతానంది. మిగతా సీట్లకు మా వీధే బయల్దేరింది.

ఈలోపు నూలు ఎవరూ దొంగిలించలేదని ఊరందరికీ తెలిసిపోయింది. మా ఆయనకూ తెలిసింది. అయినా ఆయన భూషణం అన్నయ్య గడప తొక్కలేదు.

"వెళ్ళి ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాను.

"దూరం పెరిగిందని నాకేం తెలుసు? నా తప్పేవుంది ఇందులో? చెల్లాయే చెప్పిందిగా అందరికీ."

తప్పు విమానానిదని తేలేసరికి తన మాట కూడా దాంతోపాటు కొట్టుకుపోయిందనుకున్నాడు మా ఆయన. నేను చెవిలో జోరీగలా పోరాను. విన్లేదు. అటు భూషణం అన్నయ్య కూడా విమానం ఎక్కనని భీష్మించుకుని కూర్చున్నాడు. అంకమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించకపోయేసరికి ఒప్పుకున్నాడు.

అందరం రైల్లో రాజమహేంద్రవరం వెళ్ళాం. చాలామందికి విమానం ఎక్కడం అదే మొదలు. పులిహోర పొట్లాలు, అరటిపళ్ళు, మంచినీళ్ళ సీసాలు. గుమ్మం దగ్గర ఈశ్వరి నిలబడి ఒక్కొక్కరికీ సీటు చూపించింది. మా వీధిలో ఇళ్ళు ఎలా ఉన్నాయో అలాగే కూర్చోబెట్టింది. ఈ వరుస ఇళ్ళవాళ్ళు సీట్ల మధ్య నడవాకు ఇటు, ఎదుటి వరుసవాళ్ళు అటు. దూరం తీయాల్సింది ఆ రెండు వరుసల మధ్య నుంచే కాబట్టి అలాగే కూర్చోవాలట. మా వరుసలో కిటికీ పక్క నేను, నా పక్కన మా ఆయన. నడవాకు అవతల భూషణం అన్నయ్య, ఆయన పక్కన కిటికీ దగ్గర అంకమ్మ.

"ఇంకెవరితోనైనా సీటు మార్చవే," అని ఈశ్వరి చెవిలో అన్నాను.

"మార్చకూడదు వదినా. ఎవరి ఎదురిల్లు వాళ్ళకే ఉండాలి," అని ఆమె వెనక వరుసలోకి వెళ్ళి కూర్చుంది. కొంప మునిగినట్టే అనుకున్నాను.

విమానం లేచింది. చాలాసేపు ఏమీ జరగలేదు. కొందరు పులిహోర విప్పారు. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. ఆ తర్వాత కింద కనిపించే సముద్రపు అంచు కదలడం మానేసింది. ఇంజను చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. ఈశ్వరి వెనక నుంచి కేకేసింది.

"అందరూ చేతులు పట్టుకోండి! నడవాకు అటూ ఇటూ కూడా. దిగేదాకా వదలొద్దు!"

విమానం నిండా చేతులు కలిశాయి. ఎప్పుడూ దెబ్బలాడుకునే అత్తాకోడళ్ళు కూడా పట్టుకున్నారు. నేను మా ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆయన కుడి చెయ్యి నడవాలోకి చాచాడు. భూషణం అన్నయ్య ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"అన్నయ్యా, పట్టుకో!" అన్నాను.

"దొంగ చెయ్యి ఎందుకులేమ్మా ఆయనకి," అన్నాడు ఆయన.

నడవా ఎంత ఉండాలో అంతే ఉంది. సీట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఇందాక భూషణం అన్నయ్య మోచేతికి తగిలేలా ఉన్న మా ఆయన వేళ్ళు ఇప్పుడు తగలవని నా కళ్ళకే తెలుస్తోంది. ఓబులేశు గారి గ్లాసు గుర్తొచ్చింది. వీళ్ళిద్దరి మధ్య ఇది ఇలాగే ఉండిపోతుంది. ఊరికి వెళ్ళినా, వీధి సరైనా, ఇద్దరిలో ఎవరు కాటికి వెళ్ళినా రెండోవాడు భుజం పట్టలేడు.

"బావా, పట్టుకో బావా!" మా ఆయన చెయ్యి ఇంకా చాచాడు. "దూరం పెరిగిందని నాకేం తెలుసు?"

మళ్ళీ అదే మాట. నాకు ఆయన నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది.

భూషణం అన్నయ్య తల తిప్పాడు. ఆయన కళ్ళలో కోపం లేదు.

"దూరం సంగతి నాకూ తెలవదు. నా సంగతి నీకు తెలవదా?"

 మా ఆయన చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఆయన మొహం నేనెప్పుడూ చూడనంతగా కుంచించుకుపోయింది.

"తెలుసు," అన్నాడు. "నువ్వు తియ్యవని తెలుసు. తెలిసే అన్నా. తప్పయిపోయింది బావా."

భూషణం అన్నయ్య వెంటనే చెయ్యి చాచాడు. అందలేదు. నడుముకున్న బెల్టు నొక్కుకుపోయేలా పక్కకు వంగాడు. అయినా అందలేదు. అంకమ్మ ఆయన రెండో చెయ్యి వదలకుండా, "అయ్యో, అయ్యో," అంటోంది. వెనక నుంచి ఈశ్వరి ఏడుపు వినిపించింది. అప్పుడు భూషణం అన్నయ్య తన మెడ మీది తుండుగుడ్డ లాగి, ఒక చివర పిడికిట్లో చుట్టుకుని, రెండో చివర నడవాలోకి విసిరాడు. మా ఆయన గాల్లోనే అందుకున్నాడు.

"బిగించి పట్టుకో. సడలనీయమాక," అన్నాడు భూషణం అన్నయ్య.

ఇద్దరూ దాన్ని బిగించి పట్టుకున్నారు. అక్కడితో ఆ దూరం ఆగింది. కడపలో చక్రాలు నేలకు తగిలేదాకా ఇద్దరూ వదల్లేదు. మెట్లు కూడా ఆ గుడ్డ పట్టుకునే దిగారు. ఎవరూ వాళ్ళను తొందరపెట్టలేదు.

కింద ఎండలో నిలబడ్డాక మా ఆయన గుడ్డ వదిలి, రెండు చేతులూ చాచి భూషణం అన్నయ్యను కావలించుకోబోయాడు. బారెడు ఎడంలో చేతులు ఆగిపోయాయి. ఇంకో అడుగు వేశాడు. మళ్ళీ బారెడే. గుడ్డ అందుకోకముందు దూరినది అక్కడే ఉండిపోయింది. మా ఆయన చేతులు దించుకుని, అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భూషణం అన్నయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, దాన్ని మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"ఊరుకో బావా," అన్నాడు. "పడుగు పట్టేదానికి ఎట్టాగూ ఎడంగానేగా నిలబడాలి."